డేగానా గనికి మా మైసమ్మతో

రాజస్థాన్ వెళ్ళొచ్చానని తెలియగానే మా బడి స్టాఫ్ రూములో అందరూ కోటల గురించి, ఒంటె సవారీ గురించి అడిగారు. కోట ఒక్కటి కూడా చూడలేదు. ఒంటె ఒకటి కనిపించింది గానీ రైల్వే గేటు దగ్గర బండి లాగుతోంది, నాకున్నంత విసుగూ దాని మొహంలో ఉంది. నేను చూసొచ్చింది నాగౌర్ జిల్లాలో డేగానా అనే ఊరి పక్కన మూతబడిన టంగ్‌స్టన్ గని. మీలో ఎవరైనా వెళ్ళాలనుకుంటే తప్పకుండా వెళ్ళండి, కొండ బాగుంటుంది, మజ్జిగ ఇంకా బాగుంటుంది. మాటల్లేని అన్నదమ్ములిద్దరినీ, పసుపు పూసిన రాయినీ వెంటబెట్టుకుని మాత్రం వెళ్ళకండి.

ధూళిమిట్ట దగ్గరి చెలక

ఇంత దూరం ఎందుకు పోవాల్సి వచ్చిందో ముందు చెప్పాలి. నేను సిద్దిపేటలో పిల్లలకు సోషల్ చెబుతాను. ధూళిమిట్ట దగ్గర మా నాయన ఇచ్చిపోయిన చెలకను మా అన్న ఎల్లయ్య దున్నుతున్నాడు. తమ్ముడు మల్లేశం భివండిలో మగ్గాల మీద పని చేస్తాడు, భార్యాపిల్లలు అక్కడే ఉంటారు. కిందటి ఎండాకాలం చెలకలోని బావి పూడిక తీయిస్తుంటే నల్లటి రాయి ఒకటి బయటపడింది. కొబ్బరికాయంత ఉంటుంది, నడుమ ఒక తెల్లటి చార. బావిలోంచి ఇలాంటి వింత రాయి వస్తే మా వైపు ఏం చేస్తారో అదే చేశారు. గట్టున నిలబెట్టి, పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, మైసమ్మ వెలసిందన్నారు.

అక్కడితో ఆగితే బాగుండేది. ఎవరో అన్న ఫోనుకు ఒక వీడియో పంపారు. నల్లగా, బరువుగా ఉండి తెల్ల చార ఉన్న రాయి టంగ్‌స్టన్ అని, దాన్ని విదేశాలవాళ్ళు కొంటారని అందులో ఒకాయన అరిచి చెప్పాడు. సరిగ్గా అప్పుడే మల్లేశం భివండి నుంచి వచ్చి, తన భాగం తనకు పంచి ఇమ్మని అడిగాడు. "రాయి సంగతి తేలెదాక పంచుడు లేదు. ఎవల భాగంల పడుతదో ఎవలకెర్క" అన్నాడు అన్న. మల్లేశం ఏదో అన్నాడు, అన్న ఇంకేదో అన్నాడు. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. తమ్ముడు తిరిగి భివండి పోడు, అన్న పంచడు.

అది టంగ్‌స్టన్ కాదని నాకు చూడగానే తెలుసు. మా జిల్లా అంతా గ్రానైటు, దాన్ని చీల్చుకుంటూ అక్కడక్కడ నల్లరాతి గోడలు పోతాయి. మా వంటింట్లో స్టవ్ కింద పరిచిన బండ కూడా ఆ నల్లరాయే. ఆ మాటే చెప్పాను, ఎవరూ వినలేదు. చిన్న ముక్క కొట్టి ఇవ్వు, హైదరాబాద్‌లో పరీక్ష చేయిస్తానన్నాను. "మైసమ్మ చెయ్యి ఇరగ్గొడుతవా చెల్లె?" అన్నాడు అన్న. పోనీ బకెట్టు నీళ్ళలో ముంచి తూకం చూద్దాం, మామూలు రాయి అవునో కాదో అందులోనే తెలిసిపోతుందన్నాను. అన్న కళ్ళు పెద్దవి చేశాడు.

"నీళ్ళల్ల ముంచుతే నిమజ్జనం అయితది. మల్ల బయటికెట్ల తీస్తం?"

ఇరవై ఏళ్ళకు పైగా పాఠాలు చెబుతున్నాను, ఇలాంటి జవాబు ఏ పిల్లవాడూ చెప్పలేదు. కోపం పట్టలేక, అయితే అసలైన టంగ్‌స్టన్ తవ్విన చోటికే పోయి రెండూ చేతుల్లో పట్టుకుని చూడండి అన్నాను. తిట్టాననుకున్నాను నేను. వాళ్ళిద్దరూ దాన్ని తీర్పు అనుకున్నారు. దసరా సెలవుల్లో ముగ్గురం బయలుదేరాము. ముగ్గురం కాదు, మైసమ్మతో కలిపి నలుగురం.

కాచిగూడ నుంచి రైల్లో

స్టేషన్లోకి పోయేచోట సంచులు మిషన్లో వేయాలి కదా. మైసమ్మను పసుపు గుడ్డలో చుట్టి, చేతిసంచిలో పెట్టుకుని వచ్చాడు అన్న. తెర మీద నల్లగా గుండ్రంగా కనిపించిన దాన్ని చూసి పోలీసు సంచి విప్పమన్నాడు. "ముందుగాల చెప్పులిప్పుండ్రి సార్" అన్నాడు అన్న. ఆయన నా వైపు చూశాడు. నేను ఎటో చూశాను. గుడ్డ విప్పగానే పసుపు ఆయన యూనిఫారం చేతుల నిండా అంటుకుంది. చూసి చూసి ఆయన రెండు చేతులూ జోడించి, మమ్మల్ని పొమ్మన్నాడు. వెనక క్యూలో ఉన్నవాళ్ళు కూడా వంగి దండం పెట్టుకున్నారు.

కింది బెర్తు మైసమ్మకు ఇచ్చాము. అది నా బెర్తు.

ఇక రైల్లో మాటలన్నీ నా మీదుగానే. "చెల్లె, కిటికీ మూయుమను, అమ్మోరికి దుమ్ము కొడుతది." "అక్కా, దుమ్ము అమ్మోరికి కాదు, తనకే కొడుతదని చెప్పు." ఇద్దరి మోకాళ్ళూ తగులుకునేంత దగ్గరగా కూర్చుని, ఇద్దరి మాటలూ ఇద్దరికీ వినబడుతున్నా, నేను చెప్పేదాకా వినబడనట్టే ఉంటారు. నేను చెప్పకుండా ఊరుకుంటే "చెప్పినవా?" అని మళ్ళీ అడుగుతారు. నాగ్‌పూర్ వచ్చేసరికి నా గొంతు పోయింది.

ఎదుటి బెర్తు మీద మక్రానా వైపు ఆవిడ ఉంది. భర్త హైదరాబాద్‌లో పాలరాయి పరిచే పని చేస్తాడట. పుట్టింటికి పోతోంది. మేము సర్వపిండి పెడితే తిని, ఇంకో ముక్క అడిగి మరీ తీసుకుంది. ఇదేమిటని అడిగితే, బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, పచ్చిమిర్చి వేసి గిన్నెకు అద్ది కాలుస్తామని చెప్పాను. చాలాసేపు మమ్మల్ని గమనించి, నా చెవి దగ్గరికి వంగి, పెద్దాయనకు వినపడదా అని అడిగింది. వినపడుతుందన్నాను. మరి చిన్నాయన మూగవాడా అంది. అయితే బాగుండేదన్నాను.

జైపూర్ దాటిన తరువాత

జైపూర్‌లో రైలు మారాము, మక్రానా ఆవిడ కూడా మాతోనే ఎక్కింది. అక్కడి నుంచి జోధ్‌పూర్ వైపు పోయే దారి నాలాంటి సోషల్ టీచరుకు పండగ. ముందు సాంభర్ ఉప్పు సరస్సు వస్తుంది, కిటికీలోంచి కనిపించినంత మేరా తెల్లగా. తరువాత మక్రానా. అక్కడ నేలలోంచి పాలరాయి తీసి తీసి ఊరి కప్పులు, చెట్లు, మేకలు కూడా తెల్లబడ్డాయి. తాజ్‌మహల్ రాయి ఇక్కడిదేనని చెబుదామని తిరిగాను. అన్న నిద్రపోతున్నాడు, తమ్ముడు ఫోను చూస్తున్నాడు. మక్రానా ఆవిడ దిగుతూ మైసమ్మకు దండం పెట్టి, పది రూపాయల నోటు ఒకటి గుడ్డ మీద ఉంచింది. అన్న అప్పుడు మాత్రం లేచాడు.

చాయ్ ఇక్కడ పది రూపాయలే, మన దగ్గర లాగే. గ్లాసు సగమే ఉంటుంది గానీ అందులో పాలు నిజంగా పాలు.

డేగానాలో కోడిపుంజు

డేగానా చిన్న ఊరు, పెద్ద జంక్షను. స్టేషన్ దగ్గర ఒక సత్రం లాంటి ఇంట్లో గది కిరాయికి దొరికింది. ఇంటి యజమాని భార్య అందరినీ 'పధారో', అంటే దయచేయండి అని పిలిచి, అడగకముందే ఇత్తడి చెంబుతో మజ్జిగ తెచ్చింది. సజ్జ రొట్టె, వెల్లుల్లి చట్నీ, కేర్ సాంగ్రీ అనే ఎండు కాయల కూర పెట్టింది. మన జొన్నరొట్టె తిన్నవాళ్ళకు సజ్జ రొట్టె కొత్తేమీ కాదు, దాని మీద వాళ్ళు పోసే నెయ్యి మాత్రం కొత్త. మల్లేశం నాలుగు తిన్నాడు. అన్న ఐదు తిన్నాడు, తమ్ముడి వైపు చూసి.

తిన్నాక అన్న గడప దగ్గర నిలబడి మెల్లగా అన్నాడు. "చెల్లె, రేపు అమ్మోరిని కొండకు తీస్కపోయే ముందుగాల ఒక కోడిపుంజు కావాలె. నేను మొక్కిన."

మా సిద్దిపేటలో ఇది పెద్ద విషయం కాదు. బండి కొన్నా, బోరు వేసినా, మైసమ్మకు కోడి కోయాల్సిందే. ఈ ఇంట్లోనేమో ఉల్లిగడ్డను కూడా వేరే గిన్నెలో వండుతారు. గట్టిగా అనకు, సామాను బయట పడేస్తారని నేను నోరు మూయించేలోపలే అన్న తన హైదరాబాదీ హిందీ బయటికి తీశాడు. "అమ్మా, ఇధర్ ముర్గా కిధర్ మిల్తా?"

ఆవిడ చేతిలోని చెంబు ఆగిపోయింది. మల్లేశం పరుపు మీద పడి దిండులో మొహం దాచుకుని నవ్వుతున్నాడు. నేను నాకు తెలిసిన హిందీ అంతా కూడదీసి, మాది మొక్కు అని, దేవత వెంట ఉందని, తప్పయితే క్షమించమని చెప్పాను. దేవతనా, ఎక్కడ అంది ఆవిడ. చూపించాను. ఆవిడ కోపం అలాగే కరిగిపోయింది. లోపలికి పోయి గోధుమ రవ్వతో, బెల్లంతో లాప్సీ వండి తెచ్చింది. మా మాతాజీ ఇదే తింటుంది, మీ మాతాజీకి మాత్రం ఎందుకు నచ్చదంది. రాయి మీద ఎర్రటి చున్నీ కప్పి, అగరొత్తులు వెలిగించింది. అన్న కళ్ళ నిండా నీళ్ళు. నాకు ఏడుపు వేరే కారణానికి వచ్చింది. ఈ రాయిని ఎలాగైనా మామూలు రాయిని చేద్దామని ఇంత దూరం తెస్తే, ఇది రెండు రాష్ట్రాల దేవతయి కూర్చుంది.

రేవత్ కొండ

పొద్దున్నే ఆటోలో కొండకు పోయాము. రేవత్ కొండ చుట్టూ చదునైన ఇసుక నేల, నడుమ ఇదొక్కటే లేచి నిలబడింది. ఒకప్పుడు భూమి లోతుల్లో కరిగిన గ్రానైటు పైకి తన్నుకొచ్చి, పాత పలకరాళ్ళ పొరల్లోకి చొరబడింది. అది చల్లారేటప్పుడు మిగిలిన మరుగు నీళ్ళు పగుళ్ళలోకి ఎక్కి, అక్కడ తెల్లటి పలుగురాయిని, దానిలో నల్లగా మెరిసే వుల్ఫ్రమైట్‌ను వదిలాయి. వుల్ఫ్రమైట్ నుంచే టంగ్‌స్టన్ తీస్తారు. పాత బల్బులో వెలిగే తీగ అదే, ఫిరంగుల ఉక్కులో కలిపేది అదే. మన బోరుబండి బిట్టుకు పళ్ళలా ఉండే గుండీలు కూడా దానితో చేసినవే. బోరు వేయించని రైతు మా జిల్లాలో లేడు కాబట్టి, టంగ్‌స్టన్‌ను చూడనివాడు కూడా లేడనే అనాలి.

తెల్లదొరలు ఉన్నప్పుడు, మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లోనే ఇక్కడ తవ్వకం మొదలైందంటారు. యుద్ధం వచ్చినప్పుడల్లా గని నిండా మనుషులు, యుద్ధం పోతే ఖాళీ. స్వాతంత్ర్యం వచ్చాక సర్కారు నడిపింది. బయటి దేశాల ముడిరాయి చవకగా రావడంతో కొన్నాళ్ళు ఈడ్చి, మూసేశారు. ఇప్పుడు అక్కడ ఉన్నవి కప్పులేని క్వార్టర్లు, తుప్పు పట్టిన పట్టాలు, ముళ్ళకంప అడ్డం పెట్టిన గని నోళ్ళు. ఒక నోటి దగ్గర వంగితే లోపలి నుంచి చల్లటి గాలి, గబ్బిలాల వాసన వచ్చాయి. మల్లేశం రాయి విసిరి, అది పడే చప్పుడు కోసం చాలాసేపు చెవి పెట్టి నిలబడ్డాడు.

కొండ కింద చాయ్ కొట్టు నడిపే భంవర్‌జీ మా వెంట పైకి వచ్చాడు. అరవై దాటినవాడు, పెద్ద తలపాగా. ఆయన తండ్రి ఈ గనిలో దిగినవాడే. ఆ రోజుల్లో సైరను మోగితే ఊళ్ళో గడియారాలు సరిచేసుకునేవాళ్ళట. ఇదిగో ఇది బడి, ఇది దవాఖానా, ఇక్కడ వారం వారం సంత అని మొండి గోడలను చూపించాడు. వాళ్ళంతా ఎక్కడికి పోయారని మల్లేశం అడిగాడు. కొందరు మక్రానా, కొందరు సూరత్, కొందరు గల్ఫ్ అన్నాడాయన. మధ్యలో ఒకరిద్దరు భివండి కూడా పోయారన్నాడు. మల్లేశం దగ్గరికి జరిగి, భివండిలో ఎక్కడ అని అడిగాడు. ఇప్పుడు కొండలో లిథియం ఉందని అంటున్నారట. సర్వేవాళ్ళు వచ్చి రంధ్రాలు వేసి రాళ్ళు పట్టుకుపోయారు. గని మళ్ళీ తెరుస్తారు, కొట్టు పెద్దది చేద్దామని తన తమ్ముడు పోరు పెడుతున్నాడని చెబుతూ భంవర్‌జీ తలపాగా సర్దుకున్నాడు.

అప్పుడు అన్న సంచి విప్పాడు. చున్నీ, పసుపు గుడ్డ తీసి, "జర దేఖో జీ, హమారా పత్తర్" అన్నాడు. సుత్తెతో ఒక మూల కొట్టి చూడమని నేను సైగ చేశాను. బొట్లు చూసిన భంవర్‌జీ చేతులు వెనక్కి తీసుకున్నాడు. "మాతాజీ మీద సుత్తె వేయమంటావా బహెన్‌జీ?" అన్నాడు. రెండు రోజులు రైలు ప్రయాణం చేసి నేను కలుసుకున్నది మా అన్నకు కవల సోదరుణ్ణి.

కాసేపటికి ఆయనే ఒక దారి చెప్పాడు. కొట్టుకు దిగి, తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టే రాయిని తెచ్చాడు. పెద్ద బత్తాయంత ఉంది, ఒక అంచున పలుగురాయి, మిగతా అంతా నలుపు. తండ్రి తెచ్చి ఇంట్లో పడేసినదట. దాన్ని మల్లేశం కుడిచేతిలో పెట్టాడు. చెయ్యి ఒక్కసారి కిందికి జారింది. అన్న మైసమ్మను తెచ్చి ఎడమచేతిలో పెట్టాడు. ఇంత పెద్ద రాయి, అంత చిన్న రాయి, రెండూ ఒకే బరువుకు వచ్చేలా ఉన్నాయి. మాది మామూలు రాయేనని ఎవరికీ చెప్పనవసరం లేకపోయింది. తరువాత అన్న కూడా పట్టుకుని చూశాడు. మైసమ్మను మళ్ళీ గుడ్డలో చుట్టాడు.

"అక్కా, ఇగనన్న పంచుతడా అడుగు."

నా ఓపిక ఆ కొండ మీద అయిపోయింది. "నేనడుగ. మీకు నోళ్ళున్నయి. నేను గీ రైల్లెక్కి, మైసమ్మకు బెర్తిచ్చి, పుంజు కోసం మాటలు పడ్డది చాలు. ఇగ మీరే మాట్లాడుకోండ్రి, లేకుంటె ఊకోండ్రి" అని అరిచాను. వాళ్ళు ఊరుకున్నారు. భంవర్‌జీ చాయ్‌కు డబ్బులు తీసుకోలేదు.

తిరుగు రైలు

ఒక పగలంతా ముగ్గురం ఊరికే కూర్చున్నాము. నేను పంతం పట్టాను. అటుకులు కావాలన్నా ఎవరికి వాళ్ళే లేచి తీసుకున్నారు. సాయంత్రం భోపాల్ దాటాక అన్న కిటికీలోంచి బయటికి చూస్తూనే అన్నాడు.

"టంగ్‌స్టనా, గింగ్‌స్టనా, నాకేందిరా గది. పంచుతే నువ్వు అమ్ముకుంటవు. అమ్ముకున్నోడు మల్ల ఊరికి రాడు. మన వాడకట్టుల ఎవలు మల్లొచ్చిన్రు చెప్పు? రాయి పేరు చెప్పుకుంట ఉంటె, ఇంకొన్ని దినాలు ఈడనే ఉంటవనుకున్న."

మల్లేశం తల తిప్పి అన్న వైపు చూశాడు. అన్ని నెలల తరువాత నేరుగా చూడడం అదే.

"అమ్ముత అని నేనెప్పుడన్న అన్నా? నా భాగం నాకున్నదని తెల్వాలె, గంతే. గాడ కిరాయి అర్రల పండుకుంటె, నన్ను ఊరోళ్ళు ఎల్లగొట్టినట్టే అనిపిస్తది. ఎండకాలం సంది నువ్వు ఇయ్య ఇయ్య అంటుంటె, నిజంగనే ఎల్లగొట్టినవనుకున్న."

ఇద్దరినీ తిట్టడానికి నా దగ్గర ఎన్ని మాటలు సిద్ధంగా ఉన్నాయో మీకు తెలియదు. రైలెక్కిన రోజు నుంచి పోగుచేసుకున్నాను. ఒకడు ఉండిపోవాలని పంచలేదు, ఒకడు తనదంటూ ఒకటుండాలని అడిగాడు. మూడు మాటల్లో తేలేదాన్ని మోసుకుని, నేను రాజస్థాన్ దాకా పోయివచ్చాను. తిట్లు ఒక్కటీ బయటికి రాలేదు. పై బెర్తు ఎక్కి, అటు తిరిగి పడుకున్నాను.

సిద్దిపేట బస్టాండు

వచ్చిన వారంలోనే పంపకం అయింది. కొలిచేవాడు గొలుసు లాగుతుంటే, బావి వైపు ముక్క తమ్ముడికే రావాలని అన్న పట్టుబట్టాడు. హద్దురాళ్ళు నాటారు. మల్లేశం తన హద్దు పొడుగునా ఒకసారి నడిచి వచ్చాడు. వచ్చి, ఎల్లుండి భివండి పోతున్నానని చెప్పాడు. పిల్లల బడి అక్కడే, మగ్గం అక్కడే, ఇంకెన్నాళ్ళు ఆగుతానన్నాడు. ఊహించనిదేమీ కాదు. అయినా నాకు ఒళ్ళు మండింది.

భివండి బస్సు సిద్దిపేట నుంచి సాయంత్రం పోతుంది. నేను బడి నుంచి నేరుగా బస్టాండుకు పోయాను. కాళ్ళ మధ్య సంచులు పెట్టుకుని కూర్చున్న మగవాళ్ళు, అటు తిరిగి కళ్ళు తుడుచుకుంటున్న ఆడవాళ్ళు. ఆ బస్సు దగ్గర ఎప్పుడూ అంతే. అన్న కూడా వచ్చాడు. మల్లేశం సంచిని తానే ఎత్తి సీటు కింద పెట్టి దిగాడు. సర్వపిండి చేసిందట వదిన, అది కిటికీలోంచి అందించాడు.

"భూమి నువ్వే దున్నుకో అన్నా" అన్నాడు మల్లేశం కిటికీలోంచి. "కౌలు వద్దు, ఏమొద్దు. బావి దిక్కు ముక్క కూడ నీదే. నేను అమ్మేది లేదు, అడిగేది లేదు. ఇగ సంబురమేనా?"

డ్రైవరు బండి స్టార్ట్ చేశాడు. అన్న కిటికీ ఊచ పట్టుకునే రెండడుగులు నడిచాడు.

"భూమి నాకెందుకురా" అన్నాడు.

ఆ చప్పుడులో మల్లేశానికి వినబడిందో లేదో తెలియదు. ఏమన్నవన్నా, అని అడుగుతున్నట్టు తల బయటికి పెట్టాడు. బస్సు మలుపు తిరిగింది. చెల్లె, వానికి చెప్పు, అంటాడేమోనని నేను అన్న మొహం వైపు చూస్తూ నిలబడ్డాను. ఆ ఒక్కసారి అడిగి ఉంటే, బస్సు వెంట పరుగెత్తి అయినా చెప్పేదాన్ని. అన్న అడగలేదు.